మన దగ్గర ఉల్లాకు ఎప్పుడు పోయాలి? అమీర్‌పేట మిద్దె, చేవెళ్ళ పొలం – రెండేళ్ళ అనుభవం

పైన ఉన్న వీడియోలో మా మిద్దె మీది ఉల్లాకు సంచుల్ని, తమ్ముడి పొలంలోని మడుల్ని చూశారు కదా. వీడియోలో టైం సరిపోక చెప్పలేకపోయిన విషయాలు ఇక్కడ వివరంగా రాస్తున్నాను. ముఖ్యంగా తేదీల లెక్క. ఉల్లాకు తేలికైన పంటే. ఆంధ్ర వైపు ఉల్లికాడలు అంటారు, హైదరాబాద్ బస్తీల్లో హరా ప్యాజ్ అంటారు. పేరు ఏదైనా, విత్తనం మంచిదై, మట్టి మంచిదై, తేదీ తప్పితే మాత్రం ఏమీ చేతికి రాదు. ఆ సంగతి నేను పైసలు పోగొట్టుకుని నేర్చుకున్నాను. మీరు పోగొట్టుకోవద్దని ఈ పోస్టు.

తప్పు ఎక్కడ జరిగింది

మేము ఉండేది అమీర్‌పేటలో, బల్కంపేట ఎల్లమ్మ గుడికి నడిచిపోయేంత దూరం. మూడంతస్తుల ఇల్లు, పైన మిద్దె. ఇప్పుడు చూస్తే అంతా కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ళు, మెట్రో పిల్లర్లు. కానీ ఎల్లమ్మ తల్లి ఇప్పటికీ నేల మట్టానికి కింద, బావిలోనే ఉంటుంది. పొలంలో బావి తవ్వుతుంటే అమ్మవారు దొరికిందని పెద్దలు చెబుతారు. అంటే ఇది ఒకప్పుడు సాగు నేలే. మా మిద్దె మీద మట్టి పోసినప్పుడల్లా నాకు ఆ మాట గుర్తొస్తుంది.

అమీర్‌పేట, ఎస్సార్ నగర్, పంజాగుట్ట చుట్టూ హాస్టల్ మెస్సులు, ఫాస్ట్ ఫుడ్ బండ్లు ఎన్ని ఉన్నాయో మీకు తెలుసు. ఫ్రైడ్ రైస్ మీద, నూడుల్స్ మీద చివర్లో చల్లేది ఉల్లాకే. పంజాగుట్టలో మెస్ నడిపే ఒక అక్క నాతో, "మందులు కొట్టని ఉల్లాకు దొరికితే రోజూ తీసుకుంట తమ్మీ, పోరగాళ్ళు తినే తిండి" అన్నది. అడ్వాన్స్ కింద రెండు వేలు చేతిలో పెట్టింది. ఏప్రిల్ చివరి నుంచి రోజూ ఇస్తానని మాట ఇచ్చాను.

అదే సమయంలో న్యూజెర్సీలో ఉండే మా చిన్నమ్మ కూతురు ఒక వీడియో పంపింది. "చివరి మంచు తేదీకి నాలుగు నుంచి ఆరు వారాల ముందు ఉల్లి వేసుకోవాలి" అని అందులో చెప్పారు. వాళ్ళ దగ్గర ఆ చివరి మంచు సుమారుగా ఏప్రిల్ చివర్లో పడుతుంది. "అన్నా, నేను మార్చి రెండో వారంలో పోస్తున్న, నువ్వు కూడా పొయ్యి, ఇద్దరం ఫొటోలు పెట్టుకుందాం" అన్నది. సరే అని మార్చి పదో తారీకున నేను 20 సంచుల్లో విత్తనం పోశాను. అక్కడితో ఆగితే బాగుండేది. మిద్దె మీది పంట రోజువారీ సప్లైకి సరిపోదని చేవెళ్ళ దగ్గర పొలం చేసే తమ్ముడిని కూడా ఒప్పించాను. వాడు పది గుంటల మడుల్లో నేరుగా విత్తనం చల్లాడు.

మొలక పలచగా వచ్చింది. ఏప్రిల్ మొదటి వారానికి ఆకు కొసలు ఎండటం మొదలైంది. నీళ్ళు ఎక్కువ పెడితే వేరు కుళ్ళింది, తక్కువ పెడితే మాడిపోయింది. ఏప్రిల్ మూడో వారానికి మిద్దె మీద మిగిలింది ఒక్క సంచి, అది కూడా నీళ్ళ ట్యాంకు నీడలో పెట్టింది. తమ్ముడి పొలంలో ఆకు వెంట్రుకలా సన్నగా ఉండిపోయి, తామర పురుగు పట్టి తెల్లబడింది. బోరు నీళ్ళు, రెండు నెలల మడి, విత్తనం అన్నీ పోయాయి. తమ్ముడు ఒక్క మాట అనలేదు. అనకపోవడమే నాకు ఎక్కువ బాధ అనిపించింది.

మెస్ అక్కకి రెండు వేలు తిరిగి ఇచ్చాను. "పైసలు సంగతి కాదు తమ్మీ. నువ్వు తెస్తవని నేను రోజూ ఇచ్చేటాయనకు వద్దని చెప్పిన" అన్నది. దానికి నా దగ్గర జవాబు లేదు.

న్యూజెర్సీలో చెల్లెలి పంట మాత్రం బ్రహ్మాండంగా వచ్చింది.

నాయిన అడిగిన ఒక్క ప్రశ్న

ఆదివారం ఊరికి పోతే నాయిన అడిగింది ఒక్కటే.

"ఏ కార్తెల పోసినవ్?"

"కార్తె తెల్వదు నాయినా. మార్చి పది."

"పూర్వాభాద్రల ఉల్లి పోస్తరారా ఎవరన్న? ఎండకు ఎదురు పోయినవ్."

అంతే. ఆ తర్వాత నేను కూర్చుని లెక్క వేసుకున్నాను. చెల్లెలి వీడియోలో చెప్పింది తప్పు కాదు, అది వాళ్ళ నేలకి సరిపోయే మాట. దాన్ని మన నేలకి మార్చుకోకుండా తారీకు ఒక్కటే పట్టుకోవడం నా తప్పు.

మనకు మంచు తేదీ ఉందా?

ముందు ఈ మాట తేల్చుకుందాం. తెలుగులో మనం అన్నిటికీ "మంచు" అనే అంటాం. పొద్దున ఆకు మీద నీటి బిందువులు మంచే, రోడ్డు కనబడకుండా కమ్మేది మంచే, హిమాలయాల మీద పడేదీ మంచే. అమెరికా వాళ్ళు చెప్పే మంచు తేదీ వీటిలో వేరే రకం. రాత్రి ఆకు మీది తేమ గడ్డకట్టి తెల్లటి పలుకుల్లా పేరుకుంటుంది. మొక్క లోపలి నీరు కూడా గడ్డకడితే కణాలు చిట్లి, ఎండ రాగానే ఆకు ఉడికినట్టు నల్లబడిపోతుంది. టమాట, వంగ, బెండ లాంటివి ఒక్క రాత్రికే పోతాయి. అందుకే అక్కడ వసంతంలో చివరిసారి, శరదృతువులో మొదటిసారి అలాంటి మంచు పడే తేదీల్ని ఊరూరా లెక్కగట్టి పెట్టుకుంటారు. ఆ రెండు తేదీల మధ్య ఉన్నదే వాళ్ళకు సాగు కాలం.

హైదరాబాద్‌కి ఆ తేదీ లేదు. మన అదృష్టం ఏమిటంటే, వాతావరణ శాఖ కేంద్రం మనకు పక్కనే, బేగంపేటలో ఉంది. అమీర్‌పేట, పంజాగుట్ట వాళ్ళకి అంతకంటే దగ్గరి లెక్క ఇంకెక్కడ దొరుకుతుంది? హైదరాబాద్‌లో నమోదైన అతి తక్కువ ఉష్ణోగ్రత 6.1 డిగ్రీలు, 1946 జనవరి 8న. అంత చలిలోనూ సున్నా దరిదాపులకి పోలేదు. మామూలుగా డిసెంబర్, జనవరి రాత్రులు 14–16 డిగ్రీల దగ్గర ఉంటాయి.

ఇంకో ముఖ్యమైన సంగతి. ఉల్లి చలికి భయపడే మొక్క కాదు. నిలదొక్కుకున్న ఉల్లి మొక్క తేలికపాటి గడ్డమంచును కూడా తట్టుకుంటుంది. అక్కడ మంచు తేదీ "ఇక నేల కరిగింది, చల్లటి రోజులు మొదలయ్యాయి, ఉల్లికి వేళయింది" అని చెప్పే గడియారం మాత్రమే. ఉల్లి ఆకు బాగా పెరిగేది సుమారు 13 నుంచి 24 డిగ్రీల చల్లదనంలో. న్యూజెర్సీలో ఆ చల్లదనం ఏప్రిల్ నుంచి జూన్ మొదటి దాకా ఉంటుంది. మనకు దాదాపు అదే వాతావరణం నవంబర్ నుంచి ఫిబ్రవరి దాకా ఉంటుంది. చెల్లెలి వసంతం మనకు చలికాలం అన్నమాట. నేను ఆమె తారీకు తీసుకున్నాను గానీ ఆమె చల్లదనం తీసుకోలేకపోయాను.

మన రెండు హద్దులు: వాన, ఎండ

వాళ్ళకు రెండు పక్కలా మంచు హద్దు ఉన్నట్టే మనకూ రెండు హద్దులు ఉన్నాయి. ముందు పక్క వాన, వెనక పక్క ఎండ.

వాన హద్దు: ఉల్లి నారు పుట్టి రెండు మూడు వారాల్లో గట్టి వాన పడితే నారుకుళ్ళు వస్తుంది. మొదలు మెత్తబడి, నారు పడుకుంటుంది. హైదరాబాద్ వానని తక్కువ అంచనా వేయకూడదు. 2000 ఆగస్టు 24న ఒక్కరోజులో 241.5 మిల్లీమీటర్లు పడింది. "ఇక వానలు అయిపోయాయి" అనుకునే చిత్త కార్తెలో, 2020 అక్టోబర్ 13న నగరం ఎలా మునిగిందో మనం అందరం చూశాం. నైరుతి రుతుపవనాలు తెలంగాణ వదిలిపోయేది మామూలుగా అక్టోబర్ మధ్యలోనే. "ఉత్తర చూసి ఎత్తర గంప" అని పెద్దలు ఊరికే అనలేదు. వాన తీరు చూసుకుని అడుగెయ్యమని దాని భావం.

ఎండ హద్దు: మన దగ్గర అసలు మంచు తేదీ ఇదే. మధ్యాహ్నం ఎండ రోజూ 35 డిగ్రీలు దాటడం మొదలైందంటే ఉల్లాకు పని అయిపోయినట్టే. విత్తనం మొలక కూడా 35 దాటితే బాగా పడిపోతుంది. అమీర్‌పేటలో అది మార్చి మధ్యకల్లా వస్తుంది. "శివరాత్రికి చలి శివశివా అంటూ పోతుంది" అన్నది ఉల్లి వేసేవాళ్ళు గోడ మీద రాసి పెట్టుకోవాల్సిన మాట. ఇక రోహిణి కార్తెలో రోళ్ళు పగులుతాయంటే ఉల్లాకు ఎంత?

ఎండతో పాటు పగటి పొడవు కూడా చూడాలి. హైదరాబాద్‌లో డిసెంబర్ చివర్లో పగలు సుమారు 11 గంటల 5 నిమిషాలు, జూన్ చివర్లో సుమారు 13 గంటల 10 నిమిషాలు. మార్చి మధ్యలో 12 గంటలు దాటుతుంది. మన దగ్గర వేసే రబీ ఉల్లి రకాలకి పగలు పెరిగి, వేడి తోడైతే గడ్డ ఊరే సంకేతం అందుతుంది. అప్పుడు మొక్క కొత్త ఆకు వేయడం తగ్గించి బలమంతా గడ్డలోకి దింపుతుంది. గడ్డ కోసం వేసేవాళ్ళకి అది లాభం, మనలాంటి ఆకు కోసం వేసేవాళ్ళకి నష్టం. మార్చిలో విత్తితే అటు ఆకూ రాదు, ఇటు గడ్డా రాదు.

వెనక నుంచి లెక్క వేయండి

అమెరికా వాళ్ళ పద్ధతిలో నాకు నచ్చింది ఇదే: హద్దు తేదీ పెట్టుకుని వెనక్కి లెక్కపెట్టడం. దాన్ని మనం ఎండ తేదీతో చేద్దాం.

విత్తనం నేరుగా పోస్తే పీకే సైజు రావడానికి 60–70 రోజులు. చిన్న గడ్డలు నాటితే 30–40 రోజులు. ఇవి నా మిద్దె మీద, తమ్ముడి పొలంలో వచ్చిన లెక్కలు. మీ నేలని బట్టి వారం అటూ ఇటూ కావచ్చు.

మిద్దె మీద ఎండ తేదీ మార్చి 15 అనుకోండి. 70 రోజులు వెనక్కి పోతే జనవరి మొదటి వారం. ఒక వారం చేతిలో ఉంచుకుంటే డిసెంబర్ చివరికి, అంటే మూల కార్తె దాటకుండా, ఆఖరి విత్తనం పడాలి. గడ్డలైతే 35 రోజులు వెనక్కి, ఫిబ్రవరి మొదటి వారం.

పొలంలో ఎండ తేదీ ఇంకో రెండు వారాలు ఆలస్యం. చేవెళ్ళ పొలానికి మార్చి 31 పెట్టుకున్నాం. ఆఖరి విత్తనం సంక్రాంతి, ఆఖరి గడ్డలు శివరాత్రి ముందు.

ఈ రెండు వారాల తేడా ఎందుకు? నగరం వేడిని పట్టి ఉంచుతుంది. పగలంతా కాంక్రీటు, తారు రోడ్డు, గోడలు వేడిని మింగి రాత్రి వదులుతాయి. పోయిన డిసెంబర్‌లో ఒక తెల్లవారుజామున మా మిద్దె మీది ధర్మామీటరు 16 చూపించింది. అదే సమయానికి తమ్ముడు ఫోన్ చేసి పొలంలో 11 ఉందన్నాడు. మీరు కూడా ఒక మామూలు ధర్మామీటరు కొని మొక్కల మధ్య నీడలో వేలాడదీయండి. వారానికి రెండుసార్లు పొద్దున, మధ్యాహ్నం చూసి నోట్‌బుక్‌లో రాయండి. రెండేళ్ళు రాస్తే మీ మిద్దె ఎండ తేదీ మీకే తెలిసిపోతుంది.

మా కార్తెల క్యాలెండర్

కార్తె తేదీలు ఒక రోజు అటూ ఇటూ మారతాయి, పంచాంగం చూసుకోండి.

హస్త (సెప్టెంబర్ 27 నుంచి): మొదటి విడత విత్తనం. వాన తగలకుండా పైన కప్పు ఉన్న చోట మాత్రమే. నారు వేసి తర్వాత నాటుకోవాలంటే కూడా ఇదే సమయం.

చిత్త (అక్టోబర్ 10–11 నుంచి): రెండో విడత. పొలంలో ఎత్తు మడులు చేసి, పక్కన నీరు పోయే కాలువ తీసి పోయాలి.

స్వాతి, విశాఖ (అక్టోబర్ 24 నుంచి నవంబర్ 19 దాకా): అసలు కాలం ఇదే. వాన భయం తగ్గింది, చలి మొదలైంది. మీరు సంవత్సరంలో ఒకేసారి పోస్తామంటే ఇప్పుడే పోయండి.

అనూరాధ నుంచి మూల దాకా (నవంబర్ 20 – డిసెంబర్ 28): పదిహేను రోజులకొక విడత. మిద్దె వాళ్ళకి విత్తనం ఇక్కడితో ఆఖరు.

ఉత్తరాషాఢ, శ్రవణం (జనవరి 11 నుంచి ఫిబ్రవరి 5 దాకా): మిద్దె మీద గడ్డలు మాత్రమే. పొలంలో సంక్రాంతి దాకా విత్తనం.

ధనిష్ఠ (ఫిబ్రవరి 6 నుంచి): మిద్దె మీద కొత్తది వేయడం ఆపేయాలి. పొలంలో శివరాత్రి ముందు దాకా గడ్డలు.

మార్చి మధ్య నుంచి మృగశిర దాకా: ఉల్లాకుకి సెలవు. ఆ సంచుల్లో గోంగూర, తోటకూర, బచ్చలి వేసుకోండి. ఎండని తట్టుకునేవి అవి.

పునర్వసు, పుష్యమి (జూలై 6 నుంచి ఆగస్టు 2 దాకా): ఇంటి అవసరానికి గడ్డలు నాటుకోవచ్చు, పైన కప్పు ఉంటేనే. అమ్మకానికి మాత్రం ఈ కాలం మీద ఆశ పెట్టుకోవద్దు.

ఒకే రోజు మొత్తం విత్తనం పోయవద్దు. పోయినేడు మేము హస్తలో ఒకటి, చిత్తలో ఒకటి, స్వాతిలో ఒకటి మూడు విడతలుగా పోశాం. చిత్త విడత గట్టి వానకి పొలంలో సగం పోయింది. మిగతా రెండూ నిలబడ్డాయి. ఒకేసారి పోసి ఉంటే మళ్ళీ అక్క ముందు తల దించుకునేవాడిని.

విత్తనం, గడ్డ ఎలా చూసుకోవాలి

ఉల్లి విత్తనానికి ఆయుష్షు తక్కువ. ఏడాది దాటితే మొలక బాగా తగ్గిపోతుంది, హైదరాబాద్ వేడికి, తేమకి ఇంకా తొందరగా పోతుంది. మార్చిలో నేను ఒక షాపులో తొందరలో కొన్న ప్యాకెట్ మీద తేదీ చూడలేదు, ఇంటికొచ్చి చూస్తే పాతది. ప్యాకెట్ తిప్పి తేదీ చదివాకే పైసలు ఇవ్వండి. పోసే ముందు తడి గుడ్డలో 20 గింజలు వేసి మడిచి పెట్టండి. పది రోజుల్లో 14 కంటే తక్కువ మొలిస్తే ఆ విత్తనం వద్దు.

రకాల విషయానికొస్తే, వానాకాలానికి అగ్రిఫౌండ్ డార్క్ రెడ్, ఎన్-53 లాంటివి, చలికాలానికి అగ్రిఫౌండ్ లైట్ రెడ్, అర్క నికేతన్ లాంటివి దొరుకుతాయి. మనం ఆకు దశలోనే పీకేస్తాం కాబట్టి రకం కంటే తేదీయే ముఖ్యం.

గడ్డలు నాటేవాళ్ళు రూపాయి బిళ్ళ కంటే పెద్దవి తీసుకోవద్దు. పెద్ద గడ్డలు చలి తగలగానే మధ్యలో పువ్వు కాడ ఎత్తుతాయి. అది వచ్చిందంటే ఆకు గట్టిపడి రుచి తగ్గుతుంది. వచ్చిన వెంటనే తుంచేసి, ఆ మొక్కని ముందు పీకి వాడేయండి. వంటింట్లో తీసేసే వేరు ముక్కల్ని కూడా పారేయకండి. అర అంగుళం గడ్డతో కోసి మట్టిలో పెడితే మళ్ళీ ఆకు వస్తుంది. మా ఇంట్లో రెండు సంచులు వీటితోనే నిండాయి.

మట్టి, జీవామృతం, ఆచ్ఛాదన

ఉల్లి వేరు జానెడు లోతు దాటి పోదు. సంచి లోతు తొమ్మిది అంగుళాలు చాలు, వెడల్పు ఎక్కువ ఉండాలి. మేము ఎర్రమట్టి రెండు పాళ్ళు, బాగా మాగిన పశువుల ఎరువు ఒక పాలు, కొబ్బరి పొట్టు అర పాలు కలుపుతాం. పైన రెండు గుప్పెళ్ళ ఘన జీవామృతం.

విత్తనానికి బీజామృతం చిలకరించి, నీడలో ఆరబెట్టి పోయాలి. నారు నాటేవాళ్ళు వేర్లని బీజామృతంలో ముంచి నాటితే నారుకుళ్ళు బాగా తగ్గింది.

జీవామృతం కొలత మీలో చాలామందికి తెలిసిందే. సుభాష్ పాలేకర్ గారు చెప్పినట్టు 200 లీటర్ల నీటికి 10 కిలోల ఆవు పేడ, 5 నుంచి 10 లీటర్ల మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పు పిండి, గుప్పెడు గట్టు మట్టి. మిద్దె వాళ్ళు ఇదే లెక్కని పది లీటర్లకి తగ్గించుకోండి: అర కిలో పేడ, పావు నుంచి అర లీటరు మూత్రం, 100 గ్రాముల బెల్లం, 100 గ్రాముల పిండి, చిటికెడు మట్టి. నీడలో 48 గంటలు ఉంచి, రోజూ పొద్దున సాయంత్రం కలిపి, వారంలోపు వాడేయాలి. పదిహేను రోజులకొకసారి మొదళ్ళలో పోస్తాం. పేడ, మూత్రం అమీర్‌పేటలో ఎక్కడివి అని వీడియో తీసేటప్పుడు ఒకరు అడిగారు. తమ్ముడు పొలం నుంచి వచ్చినప్పుడు డబ్బాలో తెస్తాడు. సిటీలో కూడా గోశాలల్లో అడిగితే దొరుకుతుంది.

ఆచ్ఛాదనగా ఎండు గడ్డి గానీ ఎండుటాకులు గానీ పలచగా పరవండి. మొలక వచ్చి రెండు అంగుళాలు పెరిగాకే పరవాలి. ముందే మందంగా వేస్తే సన్న మొలక బయటికి రాలేదు. చలికాలంలో రోజు విడిచి రోజు కొద్దిగా నీళ్ళు చాలు.

జనవరి తర్వాత గాలి పొడిబారగానే తామర పురుగు వస్తుంది. ఆకు మీద వెండి గీతలు కనబడతాయి. నీమాస్త్రం వారానికొకసారి, ఆకు మొదలు మడతల్లో పడేలా పిచికారీ చేయండి. నీలి రంగు జిగురు అట్టలు పెట్టినా కొంత పట్టుకుంటాయి. ఊదా రంగు మచ్చ కనబడితే లీటరు నీటికి 30 మిల్లీలీటర్ల పుల్లటి మజ్జిగ కలిపి కొడతాం. మచ్చ పడ్డ ఆకుల్ని మాత్రం ముందే తీసి పారేయాలి. పిచికారీ చేసిన వారం దాకా ఆకు కోయం.

నీడ విషయం మర్చిపోకండి

ఉల్లికి రోజుకి ఐదారు గంటల ఎండ కావాలి. మిద్దె తోట వాళ్ళు చాలామంది వేసవిలో చోటు చూసుకుని చలికాలంలో మోసపోతారు. జూన్‌లో సూర్యుడు దాదాపు నెత్తి మీద ఉంటాడు, కాబట్టి ఏ బిల్డింగ్ నీడా పడదు. డిసెంబర్‌లో సూర్యుడు దక్షిణానికి వాలతాడు. అప్పుడు మీ మిద్దెకి దక్షిణంగా పది మీటర్లు ఎత్తున్న గోడ ఉంటే మిట్టమధ్యాహ్నం కూడా ఎనిమిదిన్నర మీటర్ల దాకా నీడ పడుతుంది. పంజాగుట్ట, సోమాజిగూడ లాంటి చోట పక్కనే పెద్ద బిల్డింగులు ఉన్నవాళ్ళు డిసెంబర్‌లో ఒకరోజు గంటగంటకీ మిద్దె ఎక్కి సుద్దముక్కతో నీడ హద్దు గీసుకోండి. ఆ గీతకి ఉత్తరంగా, ఎండ పడే చోటే సంచులు పెట్టాలి.

చలి ఎక్కువ ఉండే ఊళ్ళ వాళ్ళకి

ఆదిలాబాద్, ఆసిఫాబాద్, జహీరాబాద్ దగ్గరి కోహీర్, అటు లంబసింగి, చింతపల్లి వైపు రైతులకి చలి మాకంటే చాలా ఎక్కువ. గాలి లేని, మబ్బు లేని రాత్రుల్లో నేల తన వేడిని ఆకాశంలోకి వదిలేస్తుంది. అందుకే గాలిలో రెండు మూడు డిగ్రీలు ఉన్నా నేల మీది ఆకు దగ్గర సున్నాకి పోవచ్చు. అలాంటి చోట్ల ఎదిగిన ఉల్లికి భయం లేదు గానీ చలికి మొలక బాగా ఆలస్యమవుతుంది. కాబట్టి అక్టోబర్‌లోనే విత్తనం ముగించుకోండి. బాగా చలి ఉంటుందని తెలిసిన రోజు సాయంత్రం తేలికగా నీళ్ళు పెట్టండి. తడి నేల పొడి నేల కంటే వేడిని ఎక్కువ పట్టి ఉంచుతుంది.

మళ్ళీ అక్క దగ్గరికి

హస్తలో పోసిన విడత డిసెంబర్ మొదట్లో చేతికొచ్చింది. తమ్ముడు సాయంత్రం పీకి, వేర్లకి మట్టి కడగకుండా తడి గోనెలో చుట్టి, పొద్దున మొదటి బస్సుకి మెహదీపట్నం పంపాడు. అక్కడి నుంచి నేను పంజాగుట్ట తెచ్చాను. ఈసారి ముందే మాట ఇవ్వలేదు. చేతిలో కట్టలు పట్టుకునే పోయాను.

అక్క ఒక కట్ట విప్పి, ఆకు తుంచి నమిలి, "ఎన్నాళ్ళు ఇస్తవ్?" అన్నది.

"మార్చి పదిహేను దాకా ఇస్త అక్కా. ఆ తర్వాత మళ్ళీ డిసెంబర్ దాకా నా దగ్గర ఉండదు. వేరేటాయన్ని వద్దనకు."

ఒక నిమిషం నా మొహం చూసి, "గిట్ల ముందే చెప్తే మంచిగుంటది" అన్నది. ఆ సీజన్ అంతా మా ఉల్లాకే తీసుకుంది. అడ్వాన్స్ ఇస్తానన్నది, నేనే వద్దన్నాను.

తమ్ముడు ఈ ఏడు పది గుంటలకి ఇంకో ఐదు గుంటలు కలిపాడు. ఏ కార్తెలో ఎంత పోయాలో ఇద్దరం నాయిన ముందు కూర్చుని నోట్‌బుక్‌లో రాసుకున్నాం. న్యూజెర్సీ చెల్లెలికి కూడా ఫోన్ చేశాను. ఫొటోలు ఒకే రోజు పెట్టుకోవడం కుదరదు, మా ఉల్లాకు డిసెంబర్‌లో, మీ ఉల్లాకు జూన్‌లో అని చెప్పాను. నవ్వింది.

మీ ఊళ్ళో ఏ కార్తెలో ఉల్లి పోస్తారు, ఆఖరి కోత ఎప్పుడు అవుతుంది, మీ ఊరి పేరుతో సహా వీడియో కింద రాయండి. తర్వాతి వీడియోలో చిత్త విడత నారుకుళ్ళు ఎలా వచ్చింది, ఎత్తు మడి ఎలా చేయాలి అన్నది పొలంలోనే చూపిస్తాను.